పక్కకి తిరిగిన భుజం

ధృవ్‌కి వెనక్కి పరిగెత్తడం వచ్చు. వెనక్కి తిరిగి పరిగెత్తడం కాదు. ముఖం ముందుకే పెట్టి, నడుం కాస్త వంచి, కాళ్లు మాత్రం వెనక్కి వేసుకుంటూ, ఎదురుగా వచ్చే మనిషి మీంచి చూపు తియ్యకుండా పరిగెత్తడం. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో వాళ్ల ఇంటి ముందు వీధి చివర గుండ్రంగా తిరిగే చోట, పక్కింటి పిల్లలు సైకిళ్ల మీద తరుముతుంటే వాడు వాళ్ల ముఖాల్లోకి చూసి నవ్వుతూ అలాగే జారిపోయేవాడు. తల్లి మీనా వంటింటి కిటికీలోంచి, "ముందుకి చూసి పరిగెత్తరా, తల పగులుద్ది!" అని అరిచేది. ఆ విద్యకి ఈ దేశంలో జీతం ఇస్తారని ఆవిడకి అప్పటికి తెలియదు.

2001లో వాడు హైస్కూల్లో చేరాడు. సాయంత్రాలు స్కూల్ వెనక ట్రాక్ మీద పరుగు నేర్చుకునేవాడు. ఒకరోజు ఫుట్‌బాల్ కోచ్ కంచె పక్కన నిలబడి, వీడు స్నేహితుల్ని ఏడిపిస్తూ వెనక్కి పరిగెత్తడం చూశాడు. మర్నాడే ఇంటికి ఫోన్ చేశాడు.

ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్లు మీదపడి పడగొట్టే ఆట. అందులో కోచ్ ధృవ్‌కి ఇస్తానన్న చోటు పేరు కార్నర్‌బ్యాక్. మైదానం అంచున ఒంటరిగా నిలబడతాడు. దూరంగా విసిరే బంతిని అందుకోవడానికి పరిగెత్తే ఆటగాణ్ణి రిసీవర్ అంటారు. ఆ రిసీవర్ ఎటు మళ్లుతాడో అతనికి తెలుసు, బంతి విసిరేవాడికి తెలుసు. కార్నర్‌బ్యాక్‌కి మాత్రం తెలియదు. తెలియకుండానే అతని నీడలా వెంట ఉండాలి. బంతి అందకుండా చెయ్యాలి, అందితే పడగొట్టాలి. అడుగు తప్పితే అరవై వేల మందికి ఒకేసారి కనిపిస్తుంది.

"అంటే గుద్దుకునే ఆటేగా?" అంది మీనా.

"గుద్దుకోవడం మిడిల్‌లో వాళ్లకమ్మా. నేను సైడ్‌లో ఉంటా. జస్ట్ రన్నింగ్," అన్నాడు ధృవ్. వాడి తెలుగులో సగం ఇంగ్లీషు, మిగతా సగానికి అమెరికా యాస.

మీనా మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఏ ఎముక ఎలా అతుకుతుందో కొంత తెలిసిన మనిషి. అందుకే వద్దంటే వద్దంది. తండ్రి జగదీష్ మాత్రం కోచ్ ఇచ్చిపోయిన వీడియో టేపు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగి, పొట్ట వచ్చేసింది, కళ్లజోడు వచ్చేసింది. కానీ తెనాలిలో చదువుకునే రోజుల్లో కాలేజీ కబడ్డీ టీమ్‌లో లెఫ్ట్ కార్నర్ ఆడాడు. టేపు సగం కాకముందే ముందుకి జరిగి కూర్చున్నాడు.

"ఇది మన కార్నరే కదే! కూత పెట్టినవాడి చీలమండ పట్టుకునేవాడు... అదే చూపు, అదే నిలబడటం," అన్నాడు భార్యతో. "ఒక్క సీజన్ ఆడనిద్దాం. నచ్చకపోతే వాడే మానేస్తాడు."

వాడు మానలేదు.

స్టేట్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ లేకుండానే, నేనూ వస్తానని తలుపు తట్టి టీమ్‌లో చేరాడు. మొదటి రెండేళ్లు ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు. మూడో ఏట దింపాక మళ్లీ బయటికి తియ్యలేదు. మైకులో చెప్పేవాళ్లకి వాడి పేరు నోరు తిరిగేది కాదు. వీపు మీద 'యలమంచిలి' అన్న ఇంటిపేరు ఈ చంక నించి ఆ చంక దాకా సాగి ఉండేది. జగదీష్ ప్రతి శనివారం ఆ వీపు కనబడేలా స్టాండ్స్‌లో కూర్చునేవాడు. మీనా ఒక్కసారి వెళ్లి, వాణ్ణి ఎవరో పడగొట్టగానే లేచి కారులోకి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ఇంట్లో టీవీ సౌండ్ తీసేసి, వంట చేసుకుంటూ, మధ్యలో వచ్చి వాడు నిలబడి ఉన్నాడా లేదా చూసుకుని వెళ్లేది.

2010లో ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే రోజుల్లో వీళ్లింట్లో ఫోన్ చుట్టూ అందరూ కూర్చున్నారు. అన్ని రౌండ్లూ అయిపోయాయి. పేరు రాలేదు. మీనా లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది. ఉత్తరాన, మంచు ఎక్కువ పడే ఒక ఊరి టీమ్. డ్రాఫ్ట్ అనే ఆ ఎంపికలో తీసుకోలేదు గానీ శిక్షణ శిబిరానికి వచ్చి చూసుకోమన్నారు.

ఆ శిబిరంలో ధృవ్‌కి గదిలో తోడు వెండెల్ బోలిన్. రిసీవర్. సౌత్ కరోలినాలో చిన్న ఊరు, తల్లి రోజెట్టా ఒక్కతే స్కూల్ బస్ నడిపి పెంచింది. అతన్ని కూడా ఎవరూ ఎంచుకోలేదు. పగలంతా మైదానంలో ఒకరికొకరు ఎదురు నిలబడేవాళ్లు. వెండెల్ పరిగెత్తడం, ధృవ్ వెంటపడటం. సాయంత్రం గదిలో మీనా పంపిన సున్నుండల డబ్బా మధ్యలో పెట్టుకుని, ఎవరు ఎవర్ని ఎలా ఏమార్చారో చెప్పుకుని నవ్వేవాళ్లు. యలమంచిలి అనడం రాక వెండెల్ మధ్యలో ముక్క పట్టుకుని 'మంచీ' అనేవాడు.

"మా భాషలో దానికి గుడ్ అని అర్థం," అన్నాడు ధృవ్.

"అది మనం చూసి తేల్చుకుందాంలే," అన్నాడు వెండెల్.

ఆ శిబిరాల్లో పొద్దున్నే ఎవరో ఒకాయన వచ్చి తలుపు తడతాడు. "కోచ్ పిలుస్తున్నాడు, ప్లేబుక్ కూడా తెచ్చుకో" అంటాడు. ఎత్తుగడలు రాసి ఉండే ఆ పుస్తకం తీసుకుని వెళ్లినవాడు మళ్లీ గదికి సామాను సర్దుకోవడానికే వస్తాడు. ఆగస్టు చివర ఒకరోజు తలుపు తట్టినప్పుడు ఇద్దరూ లేచి కూర్చున్నారు. పిలిచింది వెండెల్‌ని. అతను సున్నుండ ఒకటి నోట్లో వేసుకుని, ధృవ్ నెత్తిన చెయ్యి పెట్టి ఊపి, వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఇంకో టీమ్ అతన్ని తీసుకుంది.

ధృవ్‌ని ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంచుకున్నారు. అంటే వారమంతా అవతలి టీమ్ వేషం వేసి మనవాళ్లకి ప్రాక్టీస్ ఇవ్వాలి, ఆదివారం మాత్రం మామూలు బట్టలేసుకుని పక్కన నిలబడాలి. ఆ ఏడు ఎడిసన్‌లో ఒక తెలుగు సంఘం వాళ్లు పిలిచి శాలువా కప్పారు. జగదీష్ పాత స్నేహితుడు సత్యం ధృవ్ భుజం నొక్కి చూసి, "ఇంతకీ బెంచ్ మీద ఉన్నావా, ప్రాజెక్ట్ మీద ఉన్నావా?" అని అడిగాడు.

"బెంచ్ మీదే, అంకుల్."

"పర్లేదు, మార్కెట్ పికప్ అవుద్దిలే," అన్నాడు సత్యం. అందరితోపాటు ధృవ్ కూడా నవ్వాడు. ఆ రోజుల్లో అతనికి నవ్వడం తేలికే.

2011లో ఒకడికి కాలు విరిగితే ధృవ్‌ని దింపారు. వెనక్కి పరిగెత్తే ఆ నైపుణ్యం అక్కడా పనికొచ్చింది. డిసెంబర్‌లో, మంచు పడుతుండగా, రిసీవర్ కంటే ముందు మళ్లి బంతిని గాల్లోనే దొరకబుచ్చుకున్నాడు. డిఫెన్స్ కోచ్ హార్లన్ పెద్దగా మెచ్చుకునే మనిషి కాదు. ఆ రోజు అతని హెల్మెట్ పట్టుకుని దగ్గరికి లాగి, "వచ్చే ఏడు నువ్వు నా మనిషివి," అన్నాడు. జగదీష్ మర్నాడు ఆఫీస్‌లో సగం రోజు పనే చెయ్యలేదట, చెప్పిందే చెప్పి.

2012 అక్టోబర్ ఆదివారం. ఎండ బాగా కాస్తోంది. ఆ రోజు ఎదుటి టీమ్ వెండెల్‌ది. ఆటకి ముందు మైదానం మధ్యలో ఇద్దరూ కావలించుకున్నారు. "మా అమ్మ వచ్చింది, అదిగో అక్కడ," అని వెండెల్ పైకి చూపించాడు. ధృవ్ చెయ్యి ఊపాడు. ఆవిడ కూడా ఊపింది. వేరే పక్క స్టాండ్స్‌లో జగదీష్ ఉన్నాడు.

రెండో సగంలో వెండెల్ నాలుగడుగులు ముందుకొచ్చి లోపలికి మళ్లాడు. ఆ మళ్లడం ధృవ్‌కి ఎప్పట్నించో తెలుసు. శిబిరంలో లెక్కలేనన్ని సార్లు చూశాడు. మళ్లేముందు వెండెల్ ఎడమ భుజం కొంచెం కిందికి వాలుతుంది. భుజం వాలగానే ధృవ్ కదిలాడు. బంతి వచ్చింది, వెండెల్ పట్టాడు, ముందుకి తిరిగాడు. ఎదురుగా ధృవ్ వస్తున్నాడు. తప్పించుకునే చోటు లేక, దూసుకుపోదామని వెండెల్ తల దించాడు. ఛాతీకి గురిపెట్టిన ధృవ్ భుజం, ఆ దించిన తల నడినెత్తికి తగిలింది.

చప్పుడు పైదాకా వినబడింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. జగదీష్ కూడా లేచి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. పక్కవాడెవరో ఆయన వీపు చరిచాడు.

బంతి గడ్డి మీద దొర్లింది. వెండెల్ లేవలేదు.

ధృవ్ లేచి, చెయ్యి అందించబోయాడు. వెండెల్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. అరుపు లేదు, మూలుగు లేదు. చేతులు రెండూ ఎవరో పడేసి వెళ్లినట్టు ఉన్నాయి.

"మంచీ," అన్నాడు మామూలు గొంతుతో. "నా చేతులు కదులుతున్నాయా? కదుపుతున్నాను. కదులుతున్నాయా?"

ధృవ్ ఆ చేతుల వైపు చూశాడు. కదలడం లేదు.

"కదులుతున్నాయి," అన్నాడు.

డాక్టర్లు పరిగెత్తుకొచ్చి అతన్ని పక్కకి తోశారు. రెండు టీమ్‌లూ మోకాళ్ల మీద కూర్చున్నాయి. అంత పెద్ద స్టేడియంలో జెండాలు గాలికి కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మెడ కదలకుండా పట్టీలు కట్టి, బండిలో తీసుకెళ్లారు. బండి వెళ్లాక రిఫరీ విజిల్ వేశాడు. ఆట మొదలైంది. ధృవ్ ఆడాడు. చివరిదాకా ఆడాడు. ఏం ఆడాడో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

తప్పెవరిది అన్న ప్రశ్నే ఎవరూ వెయ్యలేదు. రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. లీగ్ వీడియో చూసి, రూల్ ప్రకారమే ఉందంది. టీవీలో కూర్చున్న పాత ఆటగాళ్లు నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించి, "క్లీన్ హిట్" అన్నారు. జట్టులో వాళ్లు అదే మాట అని వీపు నిమిరారు. వెండెల్ టీమ్ వాళ్లు కూడా ఫోన్ చేసి ఆ మాటే అన్నారు. ఎవరైనా ఒక్కరు తిడితే బావుండుననిపించింది ధృవ్‌కి. కాలర్ పట్టుకుని అడిగితే ఏదో ఒకటి చెప్పుకునేవాడు. అందరూ క్లీన్ అంటుంటే ఇక చెప్పుకోవడానికి ఏముంది?

మెడలో వెన్నుపూస విరిగింది. ఆపరేషన్ అయింది. ఆపరేషన్ తర్వాత కూడా భుజాల కింద ఏమీ కదల్లేదు. ఆ వారం మధ్యలో తండ్రీకొడుకులు ఆసుపత్రికి వెళ్లారు. రోజెట్టా వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. పొడుగాటి మనిషి, ఆదివారం వేసుకొచ్చిన కొడుకు నంబర్ జెర్సీ మీదే స్వెట్టర్ తొడుక్కుని ఉంది. జగదీష్ ఏదో చెప్పాలని దారంతా ఇంగ్లీషులో కూర్చుకున్నాడు. ఆవిణ్ణి చూడగానే చేతులు జోడించి అలా నిలబడిపోయాడు. ఆవిడకి ఆ దణ్ణం అర్థమైందో లేదో, తలాడించింది. తర్వాత ధృవ్ వైపు తిరిగింది.

"నీతో ఏదో మాట్లాడాడు. నేను పైనుంచి చూశాను. నన్ను కిందకి రానివ్వడానికి చాలాసేపు పట్టింది. ఏమన్నాడు?"

"చేతులు కదులుతున్నాయా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"కదులుతున్నాయన్నాను."

ఆవిడ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. "నమ్మాడా?" అంది.

"తెలియదమ్మా."

గదిలో వెండెల్ తలకి ఇనుప చట్రం బిగించి ఉంది. ధృవ్ పక్కన నిలబడ్డాడు. వెండెలే అన్నాడు: "కుడి కనుబొమ్మ మీద దురద పెడుతోంది. కాస్త గోకు. అక్కడ కాదు, ఇంకొంచెం పైన." ధృవ్ గోకాడు. వెండెల్ కళ్లు మూసుకున్నాడు. "ఆదివారం ఆడుతున్నావా?"

"ఆడమంటున్నారు."

"అయితే ఆడు. ఆడకపోవడం నా మీదకి తొయ్యకు."

ధృవ్ ఆడాడు. వెనక్కి పరిగెత్తడం అలాగే ఉంది, చూపు అలాగే ఉంది. రిసీవర్ ఎటు మళ్లినా పక్కనే ఉంటున్నాడు. కానీ బంతి పట్టుకున్నవాడు ఎదురుగా వచ్చేసరికి, తగలాల్సిన క్షణానికి ముందు, అతని భుజం దానంతట అదే పక్కకి తిరిగిపోయేది. చేతులు మాత్రం ముందుకి పోయి బట్ట పట్టుకునేవి. అవతలివాడు విదిలించుకుని వెళ్లిపోయేవాడు. మొదటివారం కాలు జారిందనుకున్నాడు. రెండోవారం కళ్లు పెద్దవి చేసుకుని, పళ్లు బిగించి, ఈసారి తిప్పను అనుకున్నాడు. తిరిగింది.

సోమవారాలు కోచ్ హార్లన్ చీకటి గదిలో ఆట వీడియో వేసేవాడు. ధృవ్ దగ్గరికి రాగానే బొమ్మ ఆపేవాడు. తెర మీద ధృవ్ ముఖం పక్కకి తిరిగి, కళ్లు మూసుకుని ఉండేది. సూది గుచ్చబోతుంటే పిల్లలు పెట్టే ముఖం.

"ఇక్కడ ఏం చూశావు?" అని అడిగేవాడు హార్లన్.

"నాకు తెలియదు, కోచ్. కళ్లు మూసినట్టు కూడా నాకు తెలియదు."

టీమ్ వాళ్లే ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆవిడ శ్వాస ఎలా తియ్యాలో నేర్పింది, కళ్లు మూసుకుని ఆ ఆదివారం గురించి చెప్పించింది. అంతా చెప్పాడు. గడ్డి వాసన, జెండాల చప్పుడు కూడా చెప్పాడు. దూది నింపిన బొమ్మలని గుద్దమంటే బాగానే గుద్దాడు, అవి ఎగిరి అవతల పడ్డాయి. మనిషి ఎదురొస్తే మాత్రం భుజం తిరిగింది.

సీజన్ అయిపోయాక క్యారీ వచ్చాడు. తినడం, పడుకోవడం, ఫోన్ చూసుకోవడం. మీనా ఆట మానెయ్యమని చాలా ఏళ్లు అడిగింది. ఇప్పుడు మాత్రం ఆ మాటే ఎత్తలేదు. కొడుకు పడిపోతాడనే ఆవిడ ఇన్నాళ్లూ భయపడింది. కొడుకు చేత ఇంకొకరు పడిపోతారని ఎప్పుడూ అనుకోలేదు. అలాంటి భయానికి ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో ఆవిడకి తెలియలేదు.

ఒక శనివారం ఉదయం జగదీష్ పెరట్లోంచి కేకేశాడు. ధృవ్ వెళ్లి చూస్తే, ఆయన సోఫా దిళ్లు రెండు ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, వాటిని పాత పంచెతో వీపు చుట్టూ కట్టుకుని, గడ్డిలో నిలబడి ఉన్నాడు. నెత్తిన ధృవ్ చిన్నప్పటి సైకిల్ హెల్మెట్.

"రా నాన్నా. వచ్చి గుద్దు."

"నాన్నా, వాట్ ఆర్ యూ డూయింగ్?"

"బొమ్మల్ని గుద్దుతున్నావుగా. మనుషుల్ని గుద్దలేకపోతున్నావు. నేను మనిషినే. మెల్లగా రా. నాకేం కాదు, కబడ్డీ ఆడినవాణ్ణి. పది మంది మీదపడ్డా లేచేవాణ్ణి. ఒక్కసారి మనిషి ఒంటికి తగిలితే నీ భయం పోద్ది. రా."

"నాన్నా, ప్లీజ్."

"రమ్మంటుంటే!" పొట్ట ముందుకొచ్చిన ఆ మనిషి మోకాళ్లు వంచి, చేతులు చాచి, ముప్పై ఏళ్ల కిందట తెనాలిలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. "రారా! నేను తప్ప నీకు ఇంకెవరున్నార్రా గుద్దడానికి?"

ధృవ్ రెండడుగులు వేశాడు. పరుగు కాదు, నడకే. తండ్రి దగ్గరికి రాకముందే భుజం తిరిగిపోయింది. కాళ్లు ఆగిపోయాయి. ఇద్దరూ అలా నిలబడ్డారు. పక్కింటాయన కంచె అవతల గడ్డి కోస్తూ మెషీన్ ఆపి చూసి, ఏమనుకున్నాడో లోపలికి వెళ్లిపోయాడు.

"సారీ నాన్నా. బాడీ మాట వినట్లేదు."

జగదీష్ పంచె ముడి విప్పుకోబోయాడు. వీపు వెనక ముడి, చెయ్యి అందలేదు. ధృవ్ వెనక్కి వెళ్లి విప్పాడు. దిళ్లు కింద పడ్డాయి. జగదీష్ హెల్మెట్ తియ్యకుండానే గడ్డిలో కూర్చుండిపోయాడు.

"నేను చప్పట్లు కొట్టాన్రా," అన్నాడు తల ఎత్తకుండా. "అప్పుడు."

"అందరూ కొట్టారు నాన్నా."

ధృవ్ తండ్రి పక్కన కూర్చున్నాడు. వంటింటి కిటికీలో మీనా ఎప్పట్నించో నిలబడి ఉంది. ఇద్దర్నీ టిఫిన్‌కి పిలవకుండానే స్టవ్ కట్టేసింది.

2013 ఆగస్టులో మళ్లీ శిబిరం. మొదటి ప్రాక్టీస్ మ్యాచ్‌లో మూడుసార్లు భుజం తిరిగింది. నాలుగో రోజు తలుపు తట్టారు. హార్లన్ కుర్చీలోంచి లేచి వచ్చి తలుపు తనే మూశాడు.

"నీలో తప్పుంటే దిద్దేవాణ్ణి," అన్నాడు. "అడుగులు తప్పయితే అడుగులు దిద్దుతాను, చూపు తప్పయితే చూపు. నీలో నాకు తప్పేం కనబడట్లేదు కొడుకా. అందుకే నాకు చేతకావట్లేదు."

మరుసటి ఏడు ఇంకో టీమ్ చూస్తామని పిలిచింది. అక్కడ కోచ్‌లకి ఆ ఆదివారం సంగతి తెలుసు, కానీ ఎవరూ ఎత్తలేదు. ఒక కుర్ర రిసీవర్ మాత్రం భోజనాల దగ్గర, "ఆ హిట్ నీదేనా? నేను ఇంటర్నెట్‌లో చూశాను, భలే ఉంది," అన్నాడు. ధృవ్ పళ్లెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లాడు. పదిరోజుల్లో అక్కడా అయిపోయింది. అతని కెరీర్ ముగిసిందని పేపర్లో కూడా రాలేదు. టీమ్‌లు వదిలేసినవాళ్ల పేర్ల మధ్య ఇంటిపేరు ఒక్కటి చిన్న అక్షరాల్లో వచ్చింది. అందులోనూ స్పెల్లింగ్ తప్పు.

క్యారీలోనే ఒక స్కూల్లో ట్రాక్ కోచ్ కింద పనికి చేరాడు. ఫుట్‌బాల్ కోచ్ కూడా రమ్మన్నాడు గానీ అటు వెళ్లలేదు.

ఇన్నాళ్లలో అతను ఒక్క పని మాత్రం మానలేదు. వీలు దొరికినప్పుడల్లా సౌత్ కరోలినా వెళ్లి వెండెల్‌ని చూసి వచ్చేవాడు. రోజెట్టా బస్ ఉద్యోగం మానేసి కొడుకుని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటోంది. ముందుగది ఖాళీ చేసి మంచం వేసింది, వాకిట్లో మెట్లు తీయించి చక్రాల కుర్చీకి ఏటవాలు దారి వేయించింది. ధృవ్ వెళ్లినరోజు వెండెల్ గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగించుకుని కుర్చీలో సిద్ధంగా ఉండేవాడు. టీవీలో చేపలు పట్టే కార్యక్రమాలు చూసేవాళ్లు. ధృవ్ అన్నం తినిపించేవాడు. వెండెల్ జోకులేసేవాడు. వెళ్లొచ్చిన రెండు మూడు రోజులు ధృవ్‌కి నిద్ర పట్టేది, అన్నం రుచి తెలిసేది. తను చెయ్యగలిగింది ఇది ఒక్కటుంది అనుకునేవాడు.

2015 వసంతంలో అలాగే వెళ్లి, బయల్దేరేముందు కారు దగ్గరికి వచ్చాడు. రోజెట్టా వెనకే వచ్చింది. ఏదో డబ్బా సర్ది ఇస్తుందనుకున్నాడు. ఆవిడ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ధృవ్, ఇక నువ్వు రావద్దు," అంది.

అతనికి అర్థం కాలేదు. "నేనేమైనా...?"

"నువ్వేం చెయ్యలేదు. నీ మీద నాకు కోపం లేదు. మొదట్లో ఉండేది, చర్చిలో కూర్చుని దాన్ని కడిగేసుకున్నాను. విను. నువ్వు వస్తున్నావంటే వాడు రెండు రోజుల ముందు నించీ తయారవుతాడు. గడ్డం గియ్యమంటాడు, చొక్కా మార్చమంటాడు. జోకులు గుర్తు తెచ్చుకుంటాడు. నీ ముందు నవ్వుతాడు. నువ్వు వెళ్లాక గోడవైపు ముఖం తిప్పమంటాడు. వారం దాకా నాతో మాట్లాడడు. నిన్ను బాధపెట్టకుండా పంపించడానికి వాడికున్న శక్తంతా అయిపోతోంది బాబూ. నేను ఒక్క కొడుకునే మొయ్యగలను. ఇద్దర్ని మొయ్యలేను."

ధృవ్ కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఏదైనా సాయం..."

"అదే చెప్తున్నాను," అంది ఆవిడ. "సాయం ఇదే."

ఆవిడ అతన్ని కావలించుకుంది. పెద్ద మనిషి, గట్టి పట్టు. ధృవ్ చేతులు అలా వేలాడుతూ ఉండిపోయాయి. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. మళ్లీ వెళ్లే వారం వచ్చినప్పుడు పని ఉందన్నాడు. ఆ తర్వాతి నెల కూడా అదే అన్నాడు.

ఎండాకాలం చివర ఒక సాయంత్రం మీనాని క్యారీలో ఇండియన్ స్టోర్‌కి తీసుకొచ్చాడు. ఆవిడ లోపలికి వెళ్లింది. అతను పార్కింగ్‌లో కారులో కూర్చున్నాడు. ఫోన్ మోగింది. వెండెల్. నోటితో చెబితే ఫోన్ చేసే ఏర్పాటు ఉంది అతనికి. వెనకాల టీవీ చప్పుడు వినబడుతోంది.

"మా అమ్మ నీకు చెప్పిందిగా?" అన్నాడు.

"చెప్పింది."

"నేనే చెప్పమన్నాను. నీ ముఖం చూస్తూ చెప్పలేక."

ధృవ్ స్టీరింగ్ మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఏటి ఒడ్డున ఎవరో చేప పట్టినట్టున్నారు, టీవీలో అరుపులు.

"అప్పుడప్పుడు ఫోన్ చెయ్యనా?" అన్నాడు ధృవ్.

"వద్దు," అన్నాడు వెండెల్. మెత్తగానే అన్నాడు. "చెయ్యాలనిపిస్తే నేను చేస్తాను. సరేనా?"

"సరే."

"నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు."

"వెళ్లి తిను," అన్నాడు వెండెల్, లైన్ కట్ చెయ్యమని ఆ ఫోన్‌కే చెప్పాడు.

మీనా సంచులతో వచ్చి వెనక సీట్లో పెట్టి, ముందు తలుపు తీసింది. కొడుకు ముఖం చూసి ఎక్కకుండా ఆగిపోయింది.

"ఎవర్రా ఫోన్‌లో? ఆ అబ్బాయేనా?"

ధృవ్ తలూపాడు.

సంచుల్లో కరివేపాకు వాసన కారంతా నిండింది. కాసేపటికి, "నువ్వు డ్రైవ్ చెయ్యగలవా, నేను చెయ్యనా?" అంది.

"నువ్వు చెయ్యమ్మా."

అతను దిగి ఇటువైపు వచ్చి కూర్చుని బెల్ట్ పెట్టుకున్నాడు. మీనా సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది. వెనక ఎవరూ లేరని రెండుసార్లు తిరిగి చూసుకుని, మెల్లగా కారు తీసింది.